ఎడమవైపు బిడ్డ

కిందటివారం గంగరత్నాన్ని తెనాలి స్టేషన్ బయట రిక్షా ఎక్కించి, ఆ రిక్షా ఎటు తిరిగిందో చెప్పకుండానే చేతులు దులుపుకున్నాం. చదివినవాళ్ళు తిట్టుకునే ఉంటారు. తిట్టుకోవాల్సిందే. ఎనిమిదో నెల, కడుపులో కవలలు, ఒళ్ళంతా వాపు, భరించలేని తలనొప్పి. రేపల్లెలో పొద్దుటి ప్యాసింజరు ఎక్కిన దగ్గర్నుంచీ కళ్ళముందు మిణుగురులు తిరుగుతున్నాయని అంటూనే ఉంది. అలాంటి మనిషికి చెరోపక్కా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు దారిపొడుగునా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వచ్చారు.

ఒకరు అత్త వెంకటసుబ్బులు. రేపల్లె మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది, నోరు పెద్దది. రెండో ఆవిడ తల్లి కోటిరత్నం. బాపట్ల అవతల సముద్రపొడ్డున ఉంటుంది, కూతురి తొలి కాన్పు తన ఇంట్లోనే జరగాలని పంతం పట్టి, నెలరోజులుగా రేపల్లెలోనే కూర్చున్న మనిషి. గంగరత్నం మొగుడు అంకారావు నిజాంపట్నంలో కొత్తగా దిగిన మోటారు బోటు మీద వేటకెళ్ళాడు. కబురైతే పంపారు గానీ, సముద్రం మీదున్న మనిషికి కబురు అందేదెప్పుడు, వాడు వచ్చేదెప్పుడు?

వీళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటి గంగరత్నం కడుపులో దాచుకుని కూర్చుంది. కడుపులోనే అంటే నిజంగా కడుపులోనే. ఇద్దరు బిడ్డలున్నారని డాక్టరమ్మ చెప్పిన రోజునుంచీ ఆమె వాళ్ళకి పేర్లు పెట్టుకుంది. కుడివైపు వాడు కుడివాడు, ఎడమవైపు వాడు ఎడమవాడు. కుడివాడు రౌడీ, ఒక్కక్షణం ఊరుకోడు. ఎడమవాడు మెతక, అడిగినప్పుడు మాత్రం బదులిచ్చినట్టు మెల్లగా తంతాడు. ఆ ఎడమవాడు నిన్నటినుంచి కదల్లేదు. తట్టి చూసింది, ఎడమకి ఒత్తిగిలి పడుకుంది, చన్నీళ్ళు తాగింది. ఉలుకూ పలుకూ లేదు.

చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. బిడ్డ సంగతి పక్కకి పోయి, ఎవరివల్ల కదల్లేదన్నది పైకొస్తుంది. ఆరు నెలలుగా ఆ ఇంట్లో జరుగుతున్నది అదే. ఇద్దరు రైతుల మధ్య పొలం గట్టులాగా ఆమె కడుపు రెండిళ్ళ మధ్య పడి నలుగుతోంది.

రిక్షా నర్సింగ్ హోమ్ ముందు ఆగింది. దిగబోతే కాలు నేల మీద ఆనింది గానీ, ఆనినట్టు తెలియలేదు. కాళ్ళు అంతగా ఉబ్బిపోయాయి. మెట్టెలు వేళ్ళల్లోకి కూరుకుపోయి కనబడటమే మానేశాయి. "పట్టుకో వదినా" అంది కోటిరత్నం, ఆ పొద్దున వియ్యపురాలితో మాట్లాడిన మొదటి మాట అదే. వెంకటసుబ్బులు ముఖం అటు తిప్పుకునే పట్టుకుంది.

నర్సు రిబ్కా ఎదురొచ్చింది. ఆ మనిషి ఎవరినీ ఊరికే కంగారు పెట్టదు. నడుముకి చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళి బల్లమీద పడుకోబెట్టింది. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. పాదరసం పైకెక్కింది. రిబ్కా ఒకసారి చూసి, పట్టీ విప్పి, మళ్ళీ చుట్టి మళ్ళీ కొట్టింది.

"ఎంతుందమ్మా?" అంది కోటిరత్నం గుమ్మంలోంచి.

"ఉంది" అంది రిబ్కా. ఎంతో చెప్పలేదు. ఒక సీసా ఇచ్చి ఉచ్చ పట్టించుకుంది. దాన్ని గాజుగొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద పెడితే, నీళ్ళలా ఉన్నది కాస్తా చూస్తుండగానే తెల్లగా విరిగి గడ్డకట్టింది. గంగరత్నం బల్లమీంచి అది చూసింది. తన ఒంట్లోంచి వచ్చింది పెరుగులా విరగడమేమిటో ఆమెకి బోధపడలేదు గానీ, రిబ్కా ఆ గొట్టాన్ని పట్టుకుని డాక్టరమ్మ గదికి పరిగెత్తడం మాత్రం బోధపడింది.

డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, కళ్ళజోడు, గొంతులో కత్తెర. నెల కిందట ఇదే బల్ల దగ్గర నిలబడి, "కాళ్ళవాపు మొదలైంది, రక్తపోటు పెరుగుతోంది, కూరలో ఉప్పు వెయ్యకండి, వారంలో మళ్ళీ రండి" అని చెప్పింది ఆవిడే. ఆ వారం ఇప్పటికి అయింది. గాజుగొట్టం వెలుగుకి పెట్టి చూసింది. గంగరత్నం మోకాలి కింద వేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"ఉప్పు మానెయ్యమని చెప్పానా లేదా?"

ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు వెంకటసుబ్బులు ముందుకొచ్చింది. ఆమెకి తన మీద తనకి ఎంత నమ్మకమో ఆ నడకలోనే తెలుస్తోంది.

"చెప్పారండి. చెప్పిన పూటనుంచీ మా ఇంట్లో ఉప్పు కల్లు పొయ్యి దగ్గరికి రాలేదండి. ఉప్పు డబ్బా తీసుకెళ్ళి అటకెక్కించేశానండి. నేను బజారుకెళ్ళినప్పుడు చేతికందితే కోడలు వేసుకుంటుందేమోనని నిచ్చెన కూడా పక్కింట్లో పెట్టానండి. ఎవరినన్నా అడగండి."

"మరి ఏం పెడుతున్నావమ్మా దీనికి?"

"అన్నవేనండి. పులుసండి."

"ఏం పులుసు?"

"ఎండుచేప పులుసండి. ఉప్పెయ్యకపోతే వంకాయ నోట్లో పెట్టుకోలేదు, పప్పు నోట్లో పెట్టుకోలేదు, పిల్ల పస్తులుంటోంది. ఎండుచేపైతే ఉప్పు వెయ్యక్కర్లేదు కదండీ. అందుకని పొద్దునా మాపూ అదే. పొద్దున మెత్తళ్ళు, సాయంత్రం వంజరం ముక్క. అమ్మకానికి పెట్టకుండా మంచి ముక్కలు ఏరి దాని కోసం పక్కన పెట్టానండి. నా చేత్తో వండి నా చేత్తో పెట్టాను. ఒక్క ఉప్పు రవ్వ కూడా వెయ్యలేదు, సముద్రం మీదొట్టు."

రిబ్కా తల దించుకుంది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఆ చేపని ఎలా ఎండబెడతారమ్మా?"

"ఎలా ఏంటండి? కోసి, ఉప్పు దట్టించి..."

మాట అక్కడ ఆగిపోయింది. వెంకటసుబ్బులు తన చేతులవంక చూసుకుంది.

ఎండుచేపలో ఉప్పుంటుందని ఆమెకి తెలియదనుకునేరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆమె చేతులు ఆ ఉప్పులోనే నానాయి. నిజాంపట్నం ఇసకలో చాపలు పరిచి, గంపలకొద్దీ ఉప్పు కుమ్మరించి చేపలు ఆరబెట్టిన మనిషి. కానీ ఆమె లెక్కలో అది చేప. ఉప్పంటే డబ్బాలోది, పిడికిట్లోకి తీసుకుని కూరలో వేసేది. డబ్బాని అటకెక్కిస్తే ఉప్పు అటకెక్కినట్టే. ఆమెనని ఏం లాభం, ఆ పులుసు కలుపుకుని తిన్న గంగరత్నానికీ తట్టలేదు, పక్కన కూర్చుని చూసిన కోటిరత్నానికీ తట్టలేదు. సముద్రపు ఒడ్డున పుట్టినవాళ్ళు ముగ్గురూ.

"డబ్బాని అటక మీద పెట్టి ఉప్పుని కంచంలో పెట్టావా అమ్మా" అంది డాక్టరమ్మ నీరసంగా. "నాదీ తప్పే. మీరేం తింటారో అడక్కుండా ఉప్పొద్దని ఊరుకున్నాను."

గంగరత్నానికి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వు రావడం మంచిది కాదని అనుకుంది గానీ, ఆగలేదు. ఆ పులుసు ఎంత రుచిగా ఉండేదో గుర్తొచ్చింది. ఈ అత్త తనని ఇంత ప్రేమగా ఏనాడూ చూడలేదే అని, ముద్ద ముద్దకీ మురిసిపోయింది. పెళ్ళయిన ఐదేళ్ళూ గొడ్రాలని ముఖం మీదే అన్న మనిషి, మంచి ముక్క ఏరి పెడుతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ తింది. ఆ ప్రేమ ఇలా వచ్చి కాళ్ళల్లో దిగింది.

కోటిరత్నం మటుకు ఊరుకోలేదు. దొరికింది సందు.

"చూశారా అండీ! నా పిల్లని చేపని ఊరేసినట్టు ఊరేసింది. నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. ఆ కవల అరటిపండు ఎవరు పెట్టారు? ఈవిడే! మార్కెట్లో ఎవరో ఇచ్చారని తెచ్చి తినిపించింది. అది తినబట్టే ఇద్దరు పడ్డారు. ఒక్కడైతే ఈ పాటికి పండంటి బిడ్డని ఎత్తుకునేది."

"అరటిపండుకి కవలలు పుట్టరమ్మా" అంది డాక్టరమ్మ. "మీరెవరు?"

"తల్లినండి. కన్నతల్లిని."

"వారంలో రమ్మంటే నెలకి తెచ్చారేం?"

ఇప్పుడు దొరికిపోవడం కోటిరత్నం వంతు. వెంకటసుబ్బులు మాత్రం తేరుకుంది. పడిపోయిన మనిషి లేచి కొట్టినట్టు కొట్టింది.

"చెప్పు వదినా, చెప్పు. డాక్టరమ్మగారు అడుగుతున్నారుగా. నేను రిక్షా మాట్లాడి వాకిట్లో నిలబెట్టానండీ. పిల్ల చీర కూడా కట్టుకుంది. ఈవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఎనిమిదో నెల వచ్చింది, సరి నెల, సరి నెలలో కడుపుతో ఉన్నదాన్ని ఊరు దాటించకూడదు, తొమ్మిదో నెల రాగానే బాపట్ల తీసుకుపోతాను, తొలి కాన్పు మాది, పుట్టింటివాళ్ళం, మా ఇష్టం అంది. కాళ్ళవాపేంటమ్మా అంటే, ఇద్దర్ని మోసేదానికి వాపు రాదా, నీళ్ళు పట్టింది, కాన్పైతే అదే దిగిపోతుంది అంది. నేనేం చెయ్యను? తొలి కాన్పుకి అత్త మాట చెల్లుతుందా?"

"సరి నెలలో తీసుకెళ్ళి ఏదన్నా జరిగితే నన్నేగా అందరూ అనేది!"

"ఇప్పుడు జరగలేదా?"

"నీ చేపలు పెట్టకపోతే జరిగేదా?"

గొంతులు పెరిగాయి. వరండాలో కూర్చున్న రోగులు తొంగి చూడటం మొదలెట్టారు. గంగరత్నం కళ్ళు మూసుకుంది. తల లోపల ఎవరో మేకు దిగగొడుతున్నట్టుంది. ఈ ఇద్దరి మాటలూ ఆ మేకు మీదే పడుతున్నాయి. ఇద్దరికీ తన మీద ప్రేమే. ఆ సంగతి ఆమెకి తెలుసు, అందుకే ఒళ్ళు మరీ మండిపోయింది. శత్రువులైతే తిట్టి బయటికి పొమ్మనవచ్చు. వీళ్ళనేం చెయ్యాలి?

"ఆపుతారా!" అని డాక్టరమ్మ బల్లమీద చేత్తో చరిచింది. "ఉప్పు ఒక్కటే చేసిన పని కాదిది. ఇద్దర్ని మోసే ఒంటికి ఉప్పు తినకపోయినా ఇలా రావచ్చు. కానీ నెల కిందట వచ్చుంటే ఇక్కడే పడుకోబెట్టి మందులిచ్చి ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. ఇప్పుడిక పోట్లాడి లాభం లేదు. తప్పుకోండి."

చెక్క గొట్టం తీసుకుంది. ఒక చివర కడుపు మీద ఆనించి, రెండో చివర చెవి పెట్టి వినే గొట్టం అది. కుడివైపు విని తల పంకించింది. ఎడమవైపు పెట్టింది. అక్కడ చాలాసేపు ఉండిపోయింది. గంగరత్నం ఊపిరి బిగపట్టి ఆవిడ ముఖం వంక చూస్తోంది. కళ్ళు సరిగా కనబడక ఆ ముఖం రెండుగా కనిపించింది. రెండు ముఖాల్లో దేన్ని నమ్మాలో తెలియలేదు.

"ఈవైపు బిడ్డ కదలి ఎంతసేపయిందమ్మా?"

దాచుకున్నది ఇక దాగలేదు. "నిన్నటినుంచి లేదండి."

"అయ్యో! నాకు చెప్పలేదేంటే!" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఆ రోజుకి వాళ్ళిద్దరూ కలిసిన మాట అదొక్కటే.

"చెబితే ఏం చేసేవాళ్ళు?" అంది గంగరత్నం. గొంతు ఆమెదిలా లేదు. "అరటిపండు అనేదానివి నువ్వు. సరి నెలని నువ్వు ఆపబట్టే అనేది అత్త. నా బిడ్డ కదల్లేదని మీ ఇద్దరికీ చెప్పి ఇంకో తగాదా పెట్టమంటావా?"

కోటిరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బతికే ఉన్నాడమ్మా" అంది డాక్టరమ్మ. గంగరత్నానికి కళ్ళనీళ్ళు బొటబొటా కారాయి. "బతికే ఉన్నాడు గానీ నీరసించిపోయాడు. గుండె మెల్లగా కొట్టుకుంటోంది. ఇప్పుడు మీరంతా జాగ్రత్తగా వినండి, రెండోసారి చెప్పే వ్యవధి లేదు."

ఆవిడ చెప్పింది. కత్తెర గొంతుతోనే చెప్పింది గానీ, ఒక్కొక్క మాటా అర్థమయ్యేలా చెప్పింది. కాన్పు ఈ రోజే చెయ్యాలి, ఆగితే తల్లికి ఫిట్స్ వస్తాయి, వస్తే ఎవరూ మిగలకపోవచ్చు. చెయ్యడానికి రెండు దారులున్నాయి. సెలైన్లో మందు ఎక్కించి నొప్పులు తెప్పించడం ఒకటి. అది తల్లికి కాస్త నయం. కానీ ఆ నొప్పులకి ఎడమవైపు బిడ్డ తట్టుకోలేడు, వాడి మీద ఆశ వదులుకోవాలి. కడుపు కోసి తియ్యడం రెండోది. ఇద్దరు బిడ్డలూ దక్కితే దక్కవచ్చు. కానీ ఇంత రక్తపోటుతో మత్తిచ్చి కోస్తే తల్లి బల్లమీంచి లేస్తుందని మాట ఇవ్వలేనంది.

"మొగుడెక్కడ?"

"వేటకెళ్ళాడండి. సముద్రం మీదున్నాడు."

"అయితే మీ ఇద్దరిలో ఎవరు చెబుతారు? కొయ్యనా, వద్దా?"

చదువరులారా, ఆరు నెలలుగా ఈ ఇద్దరూ ఆ కడుపు నాదంటే నాదని లాక్కుంటున్న సంగతి మీరెరుగుదురు. సూడిదలు ఎవరు పెట్టాలన్న దగ్గర్నుంచి బిడ్డలకి ఎవరి కులదేవత పేరు పెట్టాలన్న దాకా, రేపల్లెకీ బాపట్లకీ మధ్య తిరగని మనిషి లేడు. "మా వంశం" అని ఒకరు, "మా రక్తం" అని ఒకరు. ఇప్పుడు నిజంగా నాది అనాల్సిన వేళ వచ్చింది.

వెంకటసుబ్బులు గోడవంక చూసింది. కోటిరత్నం నేలవంక చూసింది.

"నాకేం తెలుసండి" అంది కోటిరత్నం చివరికి. "పెళ్ళి చేసి పంపేశాక అది వాళ్ళింటి మనిషి. అత్తగారిని అడగండి."

"నేనెలా చెబుతానండి?" అంది వెంకటసుబ్బులు. చేపలబజారులో నలుగురి మీద లేచే గొంతు ఇప్పుడు పక్కనున్నవాళ్ళకే వినబడలేదు. "తొలి కాన్పు పుట్టింటివాళ్ళది. ఆవిడే అందిగా. కన్నతల్లి ఉండగా నేను చెబితే, రేపేదన్నా అయితే..."

రేపేదన్నా అయితే. ఆ మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఇద్దరి భయమూ ఒక్కటే. బిడ్డ పోతాడని కాదు, పిల్ల పోతుందని కూడా కాదు. పోతే, నీవల్లే పోయిందని రెండో ఆవిడ జీవితాంతం అంటుందని.

గంగరత్నం అటొకసారి చూసింది, ఇటొకసారి చూసింది. అమ్మ ముఖం రెండుగా కనబడింది. అత్త ముఖమూ రెండుగా కనబడింది. నాలుగు ముఖాలున్నాయి గానీ తనవైపు తిరిగింది ఒక్కటీ లేదు. ఆమెకి ఒక్కసారిగా మనసు చేదెక్కిపోయింది. ఇన్నాళ్ళూ ఇద్దరిలో ఎవరి మాట వింటే ఎవరికి కోపమొస్తుందోనని నోరు కుట్టేసుకుని కూర్చున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"కొయ్యండి" అంది.

డాక్టరమ్మ ఆమెవైపు వంగింది. "ఏంటమ్మా?"

"నన్నడగండి. వాళ్ళనెందుకు అడుగుతారు? మోసేది నేను. కొయ్యండి."

"నేను చెప్పింది అర్థమైందా? నువ్వు లేవకపోవచ్చు."

"అర్థమైందండి. ఆయన బోటు మీద పోయినప్పుడు గాలి లేస్తే, తిప్పాలా ఆగాలా అని ఒడ్డునున్న మమ్మల్ని అడుగుతాడా? బోటు మీదున్నవాడే చూసుకుంటాడు. ఇవాళ బోటు మీదున్నది నేను. ఐదేళ్ళు గొడ్రాలిననిపించుకున్నాక ఇద్దరొచ్చారు. ఒకణ్ణి వదిలేసి ఒకణ్ణి ఎత్తుకుని ఇంటికి పోయి, వాడు పెరుగుతుంటే పక్కన లేనివాణ్ణి చూసుకుంటూ బతకలేను. కొయ్యండి."

"గంగా!" అంది కోటిరత్నం. "అంత మాటనకే. నువ్వు లేకపోతే..."

"అడిగినప్పుడు చెప్పాల్సిందమ్మా" అంది గంగరత్నం. అంతకంటే కఠినమైన మాట ఆమె తల్లిని ఏనాడూ అనలేదు.

తర్వాత అంతా తొందరగా జరిగింది. మత్తిచ్చే డాక్టరు కోసం మనిషిని పంపారు. వేడినీళ్ళు పెట్టారు. మెట్టెలు తియ్యాలంది రిబ్కా. అవి రాలేదు. వెంకటసుబ్బులు ఎవరూ చెప్పకుండానే కాళ్ళ దగ్గర కూలబడి, కొబ్బరినూనె రాసి, వేలు అటూ ఇటూ తిప్పుతూ లాగింది. రాలేదు. "నొప్పెడుతోందా అమ్మా" అంది. ఆ గొంతు విని ఏ కోడలైనా కరిగిపోవాలి. కానీ ఆ చేతుల్లోంచి ఎండుచేప వాసన కొట్టింది. ఐదేళ్ళుగా అలవాటైన వాసన. ఇంటి వాసన. ఇవాళ గంగరత్నం ఆ వాసనకి ముఖం తిప్పుకుంది. కాళ్ళు వెనక్కి లాక్కుంది.

వెంకటసుబ్బులు ఆ నూనె చేతులు గాలిలోనే ఉంచుకుని చాలాసేపు చూసింది. చివరికి రిబ్కా కట్టరు తెచ్చి మెట్టెలు కత్తిరించింది. ముత్తయిదువ కాలి మెట్టె కత్తిరిస్తుంటే అపశకునమని ఇద్దరు తల్లుల్లో ఒక్కరూ అనలేదు. అనే ధైర్యం ఇద్దరికీ లేదు.

ఆపరేషన్ గదిలో బల్ల చల్లగా ఉంది. పైన పెద్ద లైటు. కళ్ళల్లో సూదులు గుచ్చుతున్నట్టుంటే గంగరత్నం తల పక్కకి తిప్పుకుంది. గది బయట ఎవరో వెక్కుతున్నారు. అమ్మో, అత్తో. ఎవరైతేనేం అనుకుంది. భయం వెయ్యలేదని చెబితే అబద్ధమవుతుంది. చచ్చేంత భయంగా ఉంది. కానీ తను చెప్పింది తనే చెప్పింది, ఆ ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకుని పడుకుంది.

"ఉండాలి నాన్నా" అంది ఎడమవైపు చెయ్యి వేసి, పెదవులు కదలకుండా. "నీ కోసమేరా."

మత్తు డాక్టరు వచ్చాడు. చేతులు కడుక్కునే ముందు డాక్టరమ్మ చెక్క గొట్టం అందుకుంది. "ఒకసారి చూద్దాం." కుడివైపు పెట్టింది, తల పంకించింది. ఎడమవైపు పెట్టింది. జరిపి పెట్టింది. ఇంకా కిందకి జరిపింది. పైకి జరిపింది.

"ఫ్యాను ఆపు."

ఫ్యాను ఆగింది.

"ఆ కిటికీ వెయ్యి."

రోడ్డు మీద రిక్షా గంటలు వినబడటం మానేశాయి. గదిలో నీళ్ళు మరుగుతున్న చప్పుడొక్కటే మిగిలింది. రిబ్కా వెళ్ళి స్టవ్ కూడా ఆర్పేసింది. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. కాసేపటికి లేచి గొట్టం రిబ్కా చేతికిచ్చింది. రిబ్కా వంగింది. ఆమె చెవి, ఆమె జుట్టు కడుపుకి దగ్గరగా వచ్చాయి. ఆమె కూడా చాలాసేపు ఉంది. లేచాక డాక్టరమ్మ వంక చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏంటండి?" అంది గంగరత్నం. నాలుక మందంగా ఉంది. మాట పూర్తిగా పైకి రాలేదు.

డాక్టరమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ కత్తెర గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. "నీ ప్రయత్నం నువ్వు చేశావమ్మా" అంది. తర్వాత రిబ్కావైపు తిరిగి, గంగరత్నానికి వినబడదనుకుని కాబోలు, గొంతు తగ్గించి అంది. "ఎడమవైపు లేదు. ఆ బిడ్డ కోసమే కత్తి పట్టుకుంటానన్నాను. లేని బిడ్డ కోసం ఈ పిల్లని కోసి చంపుకోవడమెందుకు? కొయ్యొద్దు. నొప్పులకి సెలైన్ పెట్టు. కుడివైపు వాణ్ణీ తల్లినీ దక్కించుకుందాం."

మత్తు డాక్టరు తన సంచీ మూసేశాడు. రిబ్కా సెలైన్ సీసా తేవడానికి వెళ్ళింది.

అప్పుడు వచ్చింది. ఎడమవైపు, పక్కటెముకల కింద, చాలా చిన్నగా. అడిగినప్పుడు బదులిచ్చినట్టు మెల్లగా ఒక్క తన్ను. కొంచెం ఆగి, ఇంకొకటి.

ఉన్నాడు.

గంగరత్నానికి ప్రాణం లేచొచ్చింది. ఈ గదిలో ఆ సంగతి తెలిసింది తనొక్కదానికే. ఆ సెలైన్ ఎక్కిందంటే వాడు పోతాడు. చెప్పాలి. ఒక్క మాట చాలు, 'ఉన్నాడండి' అంటే చాలు. అడిగితే చెప్పనివాళ్ళ మీద ఇందాక అంత కోపం తెచ్చుకుంది. ఇప్పుడు తను చెప్పాలి.

నోరు తెరవబోయింది. దవడ కదల్లేదు. పళ్ళు ఒకదానిమీదొకటి బిగుసుకుని ఉన్నాయి. ఇంకా గట్టిగా ప్రయత్నించింది. నాలుక పళ్ళ మధ్య నలిగి నోట్లోకి ఉప్పగా నెత్తురు వచ్చింది. చెయ్యి ఎత్తి చూపిద్దామనుకుంది. చెయ్యి లేచింది గానీ ఆమె చెప్పినట్టు లేవలేదు, తనంతట తనే బల్ల అంచుకేసి టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది.

డాక్టరమ్మ అటు తిరిగి కుళాయి కింద చేతులు కడుక్కుంటోంది.